తాళమేసి ఊరికి పోయే ముందు: ఇంటిని దొంగల నుంచి కాపాడుకోవడం ఎలా

మన దిక్కు ఇళ్లు ఎప్పుడు ఖాళీగా ఉంటాయో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు, గోడ మీది క్యాలెండర్ చాలు. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతరకు వాడలకు వాడలే కదిలిపోతాయి. బతుకమ్మకు, దసరాకు హన్మకొండలో కిరాయికి ఉండేవాళ్లు సొంతూళ్ల బాట పడతారు. ఎండాకాలం బడులు మూసేయగానే పిల్లలతో అమ్మమ్మ ఊరు. ఆపైన పెళ్లిళ్లు. ఇదంతా మనకెంత తెలుసో దొంగకూ అంతే తెలుసు.

మనం మాత్రం పోయే ముందు తాళం వేసి, రెండుసార్లు గుంజి చూసి, దేవుడికి దండం పెట్టి బస్సెక్కుతాం. తాళం వద్దని కాదు. కానీ దొంగ ముందుగా వెతికేది మెత్తని తాళాన్ని కాదు, మనుషుల్లేని ఇంటిని. పగటిపూట ఏదో వంకతో వాడంతా తిరిగి చూసుకొని పోతాడు, రాత్రి వస్తాడు. అందుకే ఇల్లు ఖాళీ అన్న సంగతి బయటికి తెలియకుండా చూడటం మొదటి పని. తలుపు దగ్గర వాడికి ఆలస్యమయ్యేలా, చప్పుడయ్యేలా చేయడం రెండోది. అన్నీ దాటుకొని లోపలికి వచ్చినా చేతికి దొరికేది తక్కువ ఉండేలా చూసుకోవడం మూడోది. చాలామంది డబ్బంతా రెండోదానికే పెడతారు. మొదటిదానికి పైసా ఖర్చు లేదు, మూడోదానికి కొంచెం ఓపిక కావాలి. బహుశా అందుకే ఆ రెండూ వెనకబడిపోతాయి.

రోడ్డు మీద నిలబడి మీ ఇంటిని మీరే చూడండి

ఒక పొద్దున ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య గేటు బయటికి వచ్చి, పరాయి మనిషిలా మీ వాడను ఒకసారి చూడండి. ఏ ఇంట్లో మనుషులున్నారో, ఏ ఇంట్లో లేరో మీకే తెలిసిపోతుంది. ఎట్లా తెలిసిందంటే, వాకిట్లో సాన్పు లేదు, ముగ్గు లేదు, నిన్నటి పేపరు గేటు కింద పడి ఉంది, ట్యూషన్ సెంటర్ వాళ్ల కరపత్రం గ్రిల్లుకు ఇరికించినట్టే ఉంది, తులసి చెట్టు వాడిపోయింది. తాళం దాకా చూడాల్సిన పనే లేదు.

కాబట్టి ఊరికి పోయే ముందు పక్కింటివాళ్లకు చెప్పేటప్పుడు ఊరికే "చూస్తుండండి" అని పోకండి. ఏం చెయ్యాలో విడమరిచి చెప్పండి. "వదినా, మేం ఐతారం దాకా రాం. మీ వాకిలి ఊడ్చేటప్పుడు మా గేటు ముంగట కూడా జర సాన్పు జల్లి, రెండు గీతలు ముగ్గు పెట్టు. పేపర్లుంటే లోపలికి ఇసిరెయ్" అని చెబితే ఆమెకు పని తెలుస్తుంది, చేస్తుంది కూడా. వాళ్లు ఊరికి పోయినప్పుడు మీరు చెయ్యాలి మరి. పాలాయనకు, పేపరు పిల్లవాడికి మీరే ముందురోజు చెప్పి ఆపించండి. అయితే ఎన్ని రోజులు పోతున్నారో, ఎక్కడికి పోతున్నారో వాళ్లకు చెప్పే అవసరం లేదు. "మళ్లీ ఫోన్ చేస్తాం, అప్పుడు వెయ్యండి" అంటే సరిపోతుంది.

బయట లైటు వేసి పోవడం చాలా ఇళ్లలో అలవాటు. రాత్రి అది మంచిదే, తెల్లారాక మాత్రం చెడ్డది. మిట్టమధ్యాహ్నం ఎండలో వెలుగుతున్న వరండా బల్బు ఆ ఇంట్లో ఎవరూ లేరని దూరం నుంచే చెబుతుంది. చీకటి పడగానే వెలిగి తెల్లారితే ఆరిపోయే సెన్సార్ బల్బులు కరెంటు సామాను దుకాణాల్లో రెండు మూడు వందల్లో దొరుకుతాయి. వాకిట్లో ఒకటి, వెనక దొడ్లో ఒకటి పెట్టుకోండి. ఇంట్లో ఒక గదికి టైమర్ ప్లగ్గు పెట్టి, సాయంత్రం ఏడు నుంచి పది దాకా లైటు వెలిగేలా చేస్తే ఇంకా మంచిది.

గుమ్మం బయట నాలుగు జతల చెప్పులు వదలండి. పాతవైనా ఫర్వాలేదు, మగవాళ్ల జత ఒకటి ఉండాలి. గ్రిల్ గేటుకు తాళం వేసేటప్పుడు అది బయటికి వేలాడకుండా లోపలివైపుకు తిప్పి వేసి, వెనకాల కర్టెన్ జరపండి. తాళం కనబడితే ఎన్ని చెప్పుల జతలు పెట్టినా లాభం లేదు.

ఇక ఫోన్. మేడారంలో జంపన్నవాగు దగ్గర దిగిన సెల్ఫీ అప్పటికప్పుడు స్టేటస్‌లోకి ఎక్కుతుంది. మీ నంబరు ఎవరెవరి ఫోన్లో ఉందో మీకే గుర్తుండదు. ఎప్పుడో ఏసీ బాగుచేసిన మెకానిక్, పాత అద్దెదారు, ప్లాటు చూపించిన బ్రోకరు, అందరూ చూస్తారు. ఇంటికి వచ్చాక పెట్టుకుంటే ఆ ఫోటోలకు వచ్చే లైకులేం తగ్గవు.

తాళం కన్నా కొండి ముఖ్యం

తాళం కొనేటప్పుడు ఎన్ని లీవర్లు, ఏ కంపెనీ, ఎంత బరువు అని అన్నీ చూస్తాం. దొంగ దాని జోలికే పోడు. ఆ తాళం వేలాడుతున్న కొండిలోకి ఇనుప రాడ్డు దూర్చి ఒక్క గుంజు గుంజుతాడు. వడ్రంగి ఎప్పుడో చిన్న చిన్న మరలతో బిగించిన కొండి చెక్కతో సహా ఊడొస్తుంది. తాళం తాళంగానే ఉంటుంది, తలుపు తెరుచుకుంటుంది.

ఇప్పుడే పోయి మీ తలుపు కొండిని, ఆల్‌డ్రాప్‌ను చూడండి. మరల తలలు బయటికి కనబడుతుంటే అవి విప్పించండి. వాటి బదులు తలుపు మందమంతా దాటి లోపలివైపు నట్టుతో బిగిసే బోల్టులు వేయించండి. బోల్టు తల బయట గుండ్రంగా, నున్నగా ఉండాలి, స్క్రూడ్రైవర్ పెట్టే గీత ఉండొద్దు. చౌకట్టు వైపు కొండికీ ఇదే పని చేయించాలి. చాలామంది తలుపు బాగు చేయించి చౌకట్టును వదిలేస్తారు. వడ్రంగికి పూటపని కూడా కాదు. వేలకు వేలు పెట్టి కొత్త తాళం కొనేకన్నా ముందు చేయించాల్సింది ఇదే.

కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నా, తలుపు మార్పిస్తున్నా వేలాడే తాళాన్ని మానేసి తలుపులోనే ఇమిడిపోయే తాళం పెట్టించండి. ఇంట్లో ఉండి వేసుకున్నారో, బయటికి పోతూ వేసుకున్నారో రోడ్డు మీదివాడికి తేడా తెలియదు. అన్నిటికంటే పెద్ద లాభం అది. వేలాడే తాళమే వాడాల్సి వస్తే కడ్డీ ఎంత తక్కువ బయటికి కనబడితే అంత మంచిది. పొడుగు కడ్డీ ఉన్న తాళంలోకి రాడ్డు సులువుగా దూరుతుంది.

తలుపు బందులు బయటికి ఉన్నాయా, లోపలికి ఉన్నాయా చూసుకోండి. వెనక వంటింటి తలుపుకు బందులు బయటికి పెట్టిన ఇళ్లు పాత వరంగల్‌లో, గిర్మాజీపేట, మట్టెవాడ దిక్కు ఇప్పటికీ కనబడతాయి. ముందు టేకు తలుపు, వెనక పలచని ఫ్లష్ డోర్ పెట్టుకున్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. దొంగ వెనక నుంచే వస్తాడు. వెనక తలుపుకు లోపలివైపు అడ్డంగా ఇనుప పట్టీ వేయించండి, పైన ఒక బేడెం, కింద ఒక బేడెం పెట్టించండి. దాన్ని ఎప్పుడూ బయటి తాళంతో మూయకండి, లోపలి నుంచే మూసి ముందు తలుపు గుండా బయటికి రండి.

తాళంచెవుల సంగతి. చెప్పుల స్టాండు, పూలకుండి, కరెంటు మీటరు డబ్బా, కిటికీ మీది సజ్జ, బాత్రూం వెంటిలేటర్. మీ ఇంట్లో ఎక్కడ పెడతారో చెప్పేశానా? దొంగ కూడా ఇదే వరుసలో వెతుకుతాడు. రెండో తాళంచెవి నమ్మకమైన మనిషి చేతిలో ఉండాలి, వస్తువు కింద కాదు. కిరాయి ఇంట్లోకి కొత్తగా దిగితే పాత తాళాన్ని అట్లాగే వాడకండి, ఎన్ని చెవులు ఎవరెవరి దగ్గర ఉన్నాయో ఓనరుకు కూడా తెలియదు.

కూలర్, డాబా, దొడ్లో గడ్డపార

మన దగ్గర ఎండాకాలపు కూలర్ ఒక పెద్ద సందు. కిటికీ చువ్వలు కోసి, అక్కడ కూలర్‌ను కూర్చోబెట్టి, చుట్టూ థర్మాకోలు ముక్కలు కుక్కుతాం. బయట నుంచి ఒక్క నెట్టు నెడితే మనిషి దూరేంత దారి. చువ్వలు కోయించాల్సి వస్తే, కూలర్ బయట దాని చుట్టూ ఇనుప బోను చేయించి గోడకు బిగించండి. వానలు పడగానే కూలర్ తీసేస్తాం కదా, అప్పుడు ఆ ఖాళీకి అట్టముక్క పెట్టి వదలకుండా గ్రిల్ వెల్డింగ్ చేయించండి. కొత్త ఇళ్లలో జరిపే అద్దాల కిటికీలు వచ్చాయి, వాటికి గ్రిల్ లేకుండా వదిలేస్తున్నారు. అందంగా ఉంటుంది, నిజమే. మొదటి అంతస్తు దాకానైనా చువ్వలు పెట్టించండి, సందు నాలుగు అంగుళాలకు మించకుండా.

మే నెలలో కరెంటు పోయి, ఉక్కపోసి, మంచాలు తీసుకొని ఇంటిల్లిపాదీ డాబా మీదికి పోయే రాత్రుల్లో కింద ఇల్లు దాదాపు తాళం లేని ఖాళీ ఇల్లే. తలుపు దగ్గరికి వేసి పైకి పోవడం అలవాటు. వెనక తలుపును లోపలి నుంచి మూసి, ముందు తలుపుకు తాళం వేసి, తాళంచెవి మీ దగ్గరే పెట్టుకొని పడుకోండి. ఫోను తలకిందే ఉండాలి. మీరు డాబా మీద ఉన్నా లేకున్నా మెట్ల గది తలుపు సంగతి చూసుకోండి. కిందున్న మెయిన్ డోరుకు పెట్టిన డబ్బులో పదో వంతు కూడా దానికి పెట్టం. పక్కింటి డాబాకూ మనదానికీ మధ్య ఒక్క అడుగు సందుండే కాలనీల్లో పైనుంచి దిగి రావడం కష్టమేమీ కాదు.

కిటికీ పక్కన ప్యాంటు వేలాడేయడం, ఫోన్ ఛార్జింగ్ పెట్టడం, బండి తాళాలు పెట్టడం మానేయాలి. కర్రకు కొక్కెం కట్టి గుంజుకునే దొంగతనాలకు తలుపుతో పనే లేదు. నయీంనగర్‌లో, యూనివర్సిటీ దిక్కున రూముల్లో ఉండే విద్యార్థులు ఇది ప్రత్యేకంగా చదువుకోవాలి. తెల్లవారుజామున బాత్రూంకు పోతూ తలుపు తీసి వదిలిన ఆ ఐదు నిమిషాలు ల్యాప్‌టాప్‌లు పోయే టైము.

దొడ్లో నిచ్చెన, గడ్డపార, పలుగు, సెంట్రింగు కర్రలు బయట వదలకండి. మీ తలుపు మీ గడ్డపారతోనే తెరుచుకుంటే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. పక్క ప్లాటులో ఇల్లు కడుతుంటే ఆ మేస్త్రీతో మాట్లాడి సాయంత్రం నిచ్చెనలు తాళం వేసి పెట్టమని చెప్పండి.

ఇంకో మాట. ఒక ఇంట్లో పడేముందు చుట్టుపక్కల ఇళ్ల తలుపులకు బయటి నుంచి గడియలు పెట్టిపోయే దొంగలున్నారు. అరుపులు వినబడినా ఎవరూ బయటికి రాలేరు. మీ తలుపుకు బయటి గడియ అవసరం లేకపోతే తీసేయించండి. కనీసం నాలుగిళ్ల ఫోన్ నంబర్లు దగ్గర ఉంచుకుంటే ఒకరు కాకపోతే ఒకరు వచ్చి తీస్తారు.

కెమెరా పెట్టించేటప్పుడు

సీసీ కెమెరా దొంగతనాన్ని ఆపుతుందని చాలామంది అనుకుంటారు. మొహానికి గుడ్డ కట్టుకొని వచ్చేవాడిని అది ఆపదు. ఎప్పుడు వచ్చాడో, ఎటు పోయాడో, ఏ బండి మీద పోయాడో చెబుతుంది. అది కూడా సరిగ్గా పెట్టిస్తేనే. కెమెరాను పైన స్లాబు అంచుకు బిగిస్తే నడినెత్తి కనబడుతుంది, మొహం కనబడదు. తలుపు దగ్గర పెట్టేది ఎనిమిది తొమ్మిది అడుగుల ఎత్తులో చాలు. ఇంకొకటి గేటును, రోడ్డును చూసేలా ఉండాలి. ఎదురింటి పడకగదిలోకి మాత్రం తిప్పకండి, దొంగ రాకముందే కొట్లాట వస్తుంది.

రికార్డయ్యే డబ్బా, అదే డీవీఆర్, టీవీ కింద పెడితే దొంగ టీవీతోపాటు దాన్నీ మోసుకుపోతాడు. అటక మీదనో, తాళం ఉన్న అల్మారాలోనో పెట్టించండి. వైఫై కెమెరా అయితే కెమెరాను, ఇంటర్నెట్ డబ్బాను రెండింటినీ ఇన్వర్టర్‌కు కలపండి. మెయిన్ ఆఫ్ చేసి పోయే అలవాటున్నవాళ్లు ఆ లైను విడిగా తీయించుకోవాలి, లేదంటే ఊరికి పోయినప్పుడే కెమెరా పని చెయ్యదు. ఫోన్‌కు అలర్టు వచ్చేలా పెట్టుకోండి. కుక్క, పిల్లి నడిచినా మోగుతోందని విసిగి దాన్ని ఆపేస్తే, దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే అవుతుంది. మనిషిని మాత్రమే గుర్తించే సెట్టింగ్ ఇప్పుడు చాలా కెమెరాల్లో ఉంది, అది పెట్టుకోండి. తేదీ, టైము సరిగా ఉన్నాయో లేదో నెలకోసారి చూడండి.

కెమెరా కన్నా చవక, చాలా ఇళ్లకు ఎక్కువ పనికొచ్చేది తలుపు తెరిస్తే మోగే అయస్కాంతపు అలారం. కొన్ని వందల్లో దొరుకుతుంది, బ్యాటరీతో నడుస్తుంది. చప్పుడంటే దొంగకు భయం. కాలనీ మొత్తానికి కెమెరాలు పెట్టించాలనుకుంటే పోలీసుల 'నేను సైతం' కార్యక్రమం ఉంది, మీ స్టేషన్‌లో అడగండి. వాడ రెండు చివరల్లో ఒక్కో మంచి కెమెరా ఉంటే ఇంటింటికీ పెట్టుకున్నదానికన్నా మేలు.

బంగారం ఇంట్లో ఎందుకు?

మేడారం తల్లులకు మనం మోసుకుపోయే బంగారం బెల్లమే. అసలు బంగారాన్నేమో బీరువాలో పెట్టి పోతాం. బీరువా లాకరు చూడటానికి గట్టిగా ఉంటుంది, రాడ్డు ముందు అది కొన్ని నిమిషాల పని. దాని తాళంచెవి మడతపెట్టిన చీరల కింద ఉంటే ఆ నిమిషాలు కూడా అక్కర్లేదు. బియ్యం డ్రమ్ము, పప్పు డబ్బా, దేవుడి పటం వెనక, పరుపు కింద, పాత సందుగులో. ఈ తావులన్నీ దొంగకు అలవాటైనవే. డబ్బాలన్నీ బోర్లించిన వంటిళ్లను చూస్తే అది తెలుస్తుంది.

బ్యాంకు లాకరు తీసుకోండి. కిరాయి ఎక్కువనిపించొచ్చు, కానీ ఒక పుస్తెలతాడు ఖరీదుతో పోల్చండి. రిజర్వ్ బ్యాంకు 2021లో ఇచ్చి 2022 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన నిబంధనల ప్రకారం లాకరు తెరిచినప్పుడల్లా మీ ఫోన్‌కు మెసేజ్ రావాలి. బ్యాంకులో దొంగతనం, దోపిడీ, అగ్నిప్రమాదం, సిబ్బంది మోసం వల్ల సొత్తు పోతే బ్యాంకు ఏడాది కిరాయికి 100 రెట్ల దాకా బాధ్యత వహించాలి. అంటే ఏడాదికి 3,000 కడుతుంటే 3 లక్షలు. లోపల అంతకన్నా ఎక్కువ విలువ ఉంటే ఆ తేడాకు విడిగా బీమా చేయించుకోవాలి. నామినీ పేరు రాయించడం మరవొద్దు. పండుగ ముందు లాకర్ల దగ్గర రద్దీ ఉంటుంది, పెళ్లికో బతుకమ్మకో తెచ్చిన నగలను ఆ వారంలోనే తిరిగి పెట్టేయండి. "మళ్లీ వచ్చే నెల ఫంక్షన్ ఉంది కదా" అని ఇంట్లో ఉంచడం దగ్గరే చాలామందికి దెబ్బ తగులుతుంది.

లాకరులో ఉన్నా ఇంట్లో ఉన్నా, ఈ పని ఒక్క ఆదివారం కూర్చొని చెయ్యండి. ప్రతి నగను తెల్లటి గుడ్డ మీద పెట్టి ఫోటో తియ్యండి. పక్కన బరువు రాయండి. మనం తులాల్లో మాట్లాడుకుంటాం, వ్యాపారంలో తులమంటే 10 గ్రాములు, ఫిర్యాదులో మాత్రం గ్రాముల్లోనే రాయాలి. 2021 జులై నుంచి హాల్‌మార్క్ నగల మీద అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు గుర్తుల హెచ్‌యూఐడీ ఉంటుంది. భూతద్దం పెట్టి చూసి అది కూడా రాసుకోండి. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ నగ వివరం వస్తుంది. కరిగించేశాక ఆ గుర్తు ఉండదు, కానీ కరిగించకముందు దొరికితే ఇది నాదేనని చెప్పడానికి అంతకన్నా రుజువు లేదు. బిల్లులు, ఫోటోలు ఇంట్లోనే ఉంచకుండా పిల్లలకో తమ్ముడికో ఫోన్లో పంపి పెట్టండి. మీ టీవీ, ల్యాప్‌టాప్ సీరియల్ నంబర్లు, ఫోన్ల ఐఎంఈఐ నంబర్లు కూడా అదే జాబితాలో చేర్చండి.

రైతు ఇళ్లకు ఇంకో మాట. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి, మిర్చి అమ్మిన డబ్బు చేతికొచ్చిన రోజు ఊరందరికీ తెలుస్తుంది. రేపు ఎరువుల దుకాణానికి కట్టాలి కదా అని ఒక రాత్రి ఇంట్లో ఉంచడం కూడా వద్దు. ఖాతాలో వేయించుకోండి.

ఇంటి బీమా ఉందని నిశ్చింతగా ఉన్నవాళ్లు పాలసీ తీసి ఒకసారి చదవాలి. 2021 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ ఇస్తున్న 'భారత్ గృహ రక్ష' ముఖ్యంగా అగ్నిప్రమాదం, వరద, తుఫాను వంటివాటికి. అలాంటి ప్రమాదం జరిగిన తర్వాత 7 రోజుల్లోపు పడిన దొంగతనానికే అది వర్తిస్తుంది. మామూలు ఇంటి దొంగతనానికి విడిగా బర్గ్లరీ కవర్ అడిగి తీసుకోవాలి. నగలకు ఎంత పరిమితి, ఇల్లు ఎన్ని రోజులు తాళం వేసి ఉంటే బీమా చెల్లదు, ఈ రెండూ సంతకానికి ముందే అడగండి.

కొన్ని ఇళ్లకు కొన్ని జాగ్రత్తలు

పెళ్లి ఇల్లు. శుభలేఖ అంటే మీ ఇంట్లో ఎవరూ ఉండని గంటలను అచ్చువేసి పంచిన కాగితం. ముహూర్తం ఎన్నింటికో, ఫంక్షన్ హాల్ ఎక్కడో అన్నీ అందులో ఉంటాయి. ముహూర్తానికి పోకపోయినా బాధపడని మనిషిని ఒకరిని ఇంట్లో ఉంచండి, భోజనం ఇంటికే పంపండి. కట్నాల కవర్ల సంచీ బాధ్యత ఒక్కరికే అప్పగించండి. పది చేతులు మారితే అది పోయేది ఇంట్లో కాదు, హాల్లోనే.

బతుకమ్మ సాయంత్రాలు. సద్దుల రోజు ఆడవాళ్లంతా నగలు పెట్టుకొని పద్మాక్షి గుట్ట దగ్గరికో చెరువు కట్టకో పోతారు, మగవాళ్లు బతుకమ్మలు మోస్తూ వెంట పోతారు. ఆరు నుంచి తొమ్మిది దాకా వాడ ఖాళీ. "ఇక్కడిక్కడే కదా" అని గడియ పెట్టి పోవద్దు. వంతులేసుకొని వాడకు ఇద్దరు ఉండండి.

పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు. ఆరు నెలలు పోయేవాళ్లు ఇల్లు పూర్తిగా మూసి పోయేకన్నా ఒక పోర్షన్‌లో తెలిసిన కుటుంబాన్ని ఉంచడం అన్నిటికన్నా మంచిది. కిరాయి తక్కువ తీసుకున్నా నష్టం లేదు. వీలుకాకపోతే వారానికోసారి వచ్చి తలుపులు తెరిచి, ఊడ్చి, పంపు తిప్పి, మోటరు వేసి పోయే మనిషిని పెట్టండి. వచ్చే రోజు ఎప్పుడూ ఒకటే కాకుండా చూడండి.

కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇళ్లలో పెద్దవాళ్లు, కోడలు, చిన్నపిల్లలే ఉంటారు. పగలు వచ్చే మోసగాళ్ల కన్ను ఇట్లాంటి ఇళ్ల మీదే. నగలకు మెరుగు పెడతామని పొడి పట్టుకొని వచ్చేవాడు, మీవాడు దుబాయ్ నుంచి సామాను పంపాడని చెప్పేవాడు, గ్యాసు చెక్ చేస్తామని నేరుగా వంటింట్లోకి నడిచేవాడు. జాలి తలుపు తీయకుండా మాట్లాడమని అత్తమ్మకు చెప్పండి. మంచినీళ్లు అడిగినా సరే, లోపలికి పోయే ముందు తలుపు వేసి పోవాలి. మర్యాద తక్కువైందని ఎవరైనా అనుకుంటే అనుకోనీ.

సింగరేణి ఇళ్ల సంగతి వేరు. భూపాలపల్లి, గోదావరిఖని క్వార్టర్లలో నైట్ షిఫ్టు ఎవరిదో బయట బండి ఉందా లేదా చూస్తే తెలిసిపోతుంది. పక్క క్వార్టరులో వేరే షిఫ్టువాళ్లతో మాట పెట్టుకోండి.

పోలీసులకు ఎట్లా చెప్పాలి

ఊరికి పోయేటప్పుడు స్టేషన్‌లో చెప్పిపొమ్మని పోలీసులు ప్రతి పండుగకూ అంటూనే ఉంటారు, మనం వింటూనే ఉంటాం. హన్మకొండ, వరంగల్, జనగామ జిల్లాలు వరంగల్ కమిషనరేట్ కిందికి వస్తాయి, ములుగు, భూపాలపల్లి అయితే జిల్లా ఎస్పీ కిందికి. మీ ఇల్లు ఏ స్టేషన్ పరిధిలో ఉందో ముందు తెలుసుకోండి, రోడ్డుకు ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి అయ్యే కాలనీలున్నాయి. పోయి ఇంటి నంబరు, గుర్తు, పోయే తేదీ, వచ్చే తేదీ, మీ ఫోను, పక్కింటివాళ్ల ఫోను ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. రాత్రి గస్తీ తిరిగే బ్లూ కోల్ట్స్ వాళ్లకు ఆ చిరునామా చేరుతుంది. వచ్చాక "వచ్చేశాం" అని ఒక ఫోన్ కొట్టండి, లేదంటే వచ్చేసారికి మీ మాట విలువ తగ్గుతుంది.

అనుమానంగా ఎవరైనా తిరుగుతుంటే 100కు గానీ 112కు గానీ ఫోన్ చెయ్యండి. బండి నంబరు చూసుకోండి, వీలైతే దూరం నుంచి ఫోటో తియ్యండి. పట్టుకొని కట్టేసి కొట్టడం మన పని కాదు. 2018 మే నెలలో ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ పుకార్లు తెలంగాణ పల్లెల్లో పాకి అమాయకుల ప్రాణాలు పోయాయి. చెడ్డీ గ్యాంగ్ వచ్చిందని ఏదో ఊరి వీడియో పంపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దాన్ని ముందుకు పంపే ముందు స్టేషన్‌కు ఒక్క ఫోన్ చేసి అడగండి.

అంతా అయ్యాక కూడా దొంగలు పడితే

ఊరి నుంచి వచ్చి చూస్తే తాళం విరిగి ఉంది. లోపలికి పోకండి, వాడు ఇంకా లోపలే ఉండొచ్చు. బయటే నిలబడి 100కు ఫోన్ చెయ్యండి. నిద్రలో ఉండగా ఇంట్లో అలికిడైతే ఎదురు పోకండి, గది గడియ పెట్టుకొని గట్టిగా అరవండి, లైట్లు వెయ్యండి, ఫోన్ చెయ్యండి.

క్లూస్ టీం, డాగ్ స్క్వాడ్ వచ్చేదాకా ఏదీ ముట్టొద్దు. చుట్టాలు వచ్చి, "అయ్యో" అంటూ బీరువా తలుపు పట్టుకొని చూస్తారు, కిందపడ్డ చీరలు సర్దుతారు. వేలిముద్రలన్నీ వాళ్లవే అయిపోతాయి. కఠినంగా అనిపించినా అందరినీ గేటు బయటే ఆపండి.

ఫిర్యాదులో ఏం పోయిందో ఉన్నది ఉన్నట్టు, గ్రాములతో సహా రాయండి. ఎక్కువ రాస్తే ఎక్కువ వస్తుందనుకోవడం పొరపాటు. దొంగ దొరికి ఇంతే తీశానని చెప్పినప్పుడు మీ మాట మీదే అనుమానం వస్తుంది. ఎఫ్ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. ఇంట్లో దొంగతనానికి 305వ సెక్షన్, రాత్రిపూట తాళం పగలగొట్టి దొంగతనానికి చొరబడితే 331(4), దీనికి 14 ఏళ్ల దాకా శిక్ష పడొచ్చు. కాపీలో సెక్షన్లు, జరిగిన టైము సరిగా రాశారో లేదో చూసుకోండి. మీరు వేరే ఊళ్లో ఉండి ఇంట్లో దొంగలు పడ్డారని తెలిస్తే అక్కడి స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, పరిధి చూడకుండా రాసుకునే జీరో ఎఫ్ఐఆర్ చేసి మన స్టేషన్‌కు పంపుతారు. ఆన్‌లైన్‌లో పంపితే 3 రోజుల్లోపు స్టేషన్‌కు పోయి సంతకం పెట్టాలి.

ఫోన్ పోతే, పోయిన ఫోన్లను ఆపించే ప్రభుత్వ వెబ్‌సైట్ సీఈఐఆర్ పోర్టల్‌లో ఐఎంఈఐ నంబరుతో బ్లాక్ చేయండి. ఏటీఎం కార్డు, చెక్కుబుక్కు పోతే బ్యాంకుకు వెంటనే చెప్పండి. ఖాతాలోంచి డబ్బు కదిలిందని తెలిస్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చెయ్యండి. బీమా ఉంటే కంపెనీకి అదే రోజు సమాచారం ఇచ్చి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. దొంగ దొరికి సొత్తు రికవరీ అయితే అది కోర్టు ద్వారా మీ చేతికి వస్తుంది. ఆ రోజు మీ ఫోటోలు, బిల్లులు, హెచ్‌యూఐడీ రాసుకున్న కాగితం అడుగుతారు.

పోలీసుల పని అయిపోయిన సాయంత్రమే వడ్రంగిని పిలిపించి తలుపు బాగు చేయించండి. ఇంట్లో ఉన్న మారు తాళంచెవులు, బండి తాళాలు, లాకరు చెవి లెక్కపెట్టుకోండి. ఒక్కటి తక్కువైనా ఆ తాళం మార్చేయాలి. లాకరు చెవి పోయుంటే తెల్లారగానే బ్యాంకుకు పోయి రాసి ఇవ్వండి.